సీసాల తాత సున్నపు తేట

మా బావమరిది ముప్పై ఏళ్లుగా ఒకే బడిలో సీసాలు కడుగుతున్నాడు. ఇలా అంటే అతనికి కోపం. “ల్యాబ్ అసిస్టెంట్ అను బావా, నోరు అరిగిపోదు” అంటాడు. బడి పిల్లలందరూ సీసాల తాత అని పిలుస్తుంటే నేనొక్కణ్ణే మర్యాద చూపించి ఎవరిని ఉద్ధరించాలి? నేను కూడా ‘సీసాలూ’ అనే పిలుస్తాను.

మా ఇంట్లో టీ తాగితే గ్లాసు తనే కడుగుతాడు, మూడుసార్లు. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో ఎత్తి చూస్తాడు. గాజు మీద ఒక్క నీటిచుక్క నిలబడ్డా మళ్లీ కడుగుతాడు. “నా గిన్నెలు శుభ్రంగా లేవనా తమ్ముడూ?” అని మా ఆవిడ నిష్ఠూరమాడితే, “అలవాటక్కా” అని తల దించుకుంటాడు. మూత తీయకుండా, చేత్తో బరువు చూసి, సీసాలో ఉన్నది ఆమ్లమో నీళ్లో చెప్పగలడు. ఒకసారి కళ్లకు గంతలు కట్టి పదిహేడు సీసాలు చేతికిచ్చాను. పదిహేడూ సరిగ్గా చెప్పాడు. నిజానికి ఇచ్చినవి మూడే, గంతలు కూడా కట్టలేదు. చెప్పడం మాత్రం చెప్పాడు.

అతని ల్యాబ్ మొదటి అంతస్తులో వరండా చివరి గది. ఆమ్లం పడి మచ్చలు తేలిన రెండు పొడవాటి బల్లలు, ఎంత బిగించినా కారే కొళాయి, గోడంతా అద్దాల అలమారలు. ప్రతి సీసా మీదా అతని గుండ్రటి చేతిరాత. ఆ గది తాళంచెవి అతని కళ్లజోడు తాడుకే వేలాడుతూ ఉంటుంది. దగ్గరున్నవి చదవడానికి జోడు పెట్టుకున్నప్పుడల్లా తాళంచెవి గడ్డానికి తగులుతుంది.

ఆ తాళంచెవికే ముప్పు వచ్చింది.

బడి పెద్దమేడమ్ అతన్ని పిలిపించి, వచ్చే సంవత్సరం నుంచి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు భౌతిక, రసాయన శాస్త్రాలు తెర మీదే చూపిస్తామని చెప్పింది. ఇంటర్నెట్‌లో ప్రయోగాలన్నీ ఉన్నాయట. సీసాలు పగలవు, చేతులు కాలవు, ఎవరూ తుడవక్కర్లేదు. ల్యాబ్ గదిలో పాత బెంచీలు పెట్టుకుంటారు. అతనికి గ్రంథాలయంలో కుర్చీ వేస్తారు.

మామూలుగా నోరు విప్పని మనిషి ఆ రోజు విప్పాడు. “ఒక్క అవకాశం ఇవ్వండి మేడమ్.”

ఆమె కాస్త ఆలోచించింది. “మన బడి పేజీలో ఇప్పటికి ముప్పై వీడియోలు పెట్టాం. వాటి కింద పిల్లలు రాసేదేమిటో తెలుసా? ‘థాంక్యూ మేడమ్’, ‘చూశాను మేడమ్’. అంతే. మీ ల్యాబ్‌లో మీరొక వీడియో చేసి పెట్టండి. దాని కింద పిల్లలు పది ప్రశ్నలు అడిగితే గది మీదే. నెలాఖరు వరకు చూస్తాను.”

ఈ సంగతి చెప్పడానికి మా ఇంటికి వచ్చినప్పుడు, ఏడో తరగతి చదివే మా మనవరాలు ఫోనులో పాఠమే చూస్తోంది. బొమ్మ గ్లాసు, బొమ్మ గొట్టం. మీట నొక్కితే గొట్టంలోంచి బుడగలు వచ్చాయి, సున్నపు తేట పాలలా తెల్లబడింది, ‘శభాష్’ అని ఒక బొమ్మ చిలక అరిచింది.

“తర్వాత?” అన్నాడు బావమరిది.

“తర్వాతేం లేదు చిన్నతాతయ్యా. అయిపోయింది.”

“ఇంకా ఊదితే?”

పిల్ల మళ్లీ నొక్కింది. చిలక మళ్లీ శభాష్ అంది. తేట తెల్లగానే ఉంది.

అతను జోడు తీసి తుడుచుకున్నాడు. తాళంచెవి బల్లకు తగిలి టింగుమంది. “సరే, ఇదే చేద్దాం” అన్నాడు.

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక ముగ్గురం ల్యాబ్‌కి వెళ్లాం. ఫోను పట్టుకోవడం మనవరాలి పని. సలహాలివ్వడం నా పని. బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, జేబులో రాసుకొచ్చిన కాగితంతో నిలబడ్డాడు. మొదటిసారి తీసింది చూస్తే కోర్టులో తీర్పు చదువుతున్నట్టుంది. “సున్నపు తేటలోనికి కార్బన్ డై ఆక్సైడును పంపినప్పుడు అది పాలవలె మారును” అంటూ కాగితంలోది కాగితంలాగే అప్పజెప్పాడు. ఎక్కడా తప్పు లేదు. ఫోను పట్టుకున్న పిల్ల రెండుసార్లు ఆవులించింది, ఆ ఆవులింతలకు బొమ్మ కూడా ఊగింది.

“ఇది చూసి ప్రశ్నలెవడు అడుగుతాడోయ్?” అన్నాను. “ఊదే మనిషి కావాలి. నేను ఊదుతాను.”

“నీకెందుకు బావా శ్రమ?”

“నా ఊపిరి సంగతి నీకేం తెలుసు? కాన్వెంట్‌లో ప్రార్థన గదికి ఈ చివర నిలబడి ఆ చివరి కొవ్వొత్తి ఆర్పాను. సిస్టర్ నన్ను కొట్టాలా మెచ్చుకోవాలా తెలియక స్కేలు పట్టుకుని అలాగే ఉండిపోయింది.”

“కొట్టిందని పోయిన వారమే చెప్పావు.”

“అది వేరే కొవ్వొత్తి.”

టెస్ట్ ట్యూబులో రెండు వేళ్ల ఎత్తు తేట పోసి, కాసిని నీళ్లు కలిపి, గొట్టం నా చేతిలో పెట్టాడు. “ఊదాలి, పీల్చకూడదు. నెమ్మదిగా. నేను చాలు అనగానే ఆపాలి. నీ నోట్లోంచి వచ్చేది బొగ్గుపులుసు వాయువు. అబద్ధాలు పోగా మిగిలేది అదే.”

ఊదాను. పది ఊపిర్లు తిరక్కుండానే తేట తెల్లబడింది. “చాలు” అన్నాడు. నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదని తర్వాత మా ఆవిడ అడిగింది, పెద్దమేడమ్ కూడా అడిగింది. వాళ్లిద్దరికీ రెండు రకాల కారణాలు చెప్పాను. అసలు కారణం ఏమిటంటే, మనవరాలు ఆవులించడం మానేసి నన్నే చూస్తోంది. అలా చూస్తున్నప్పుడు ఏ తాత ఆపుతాడు?

“చాలన్నాను బావా.”

ఊదుతూనే ఉన్నాను. గోడ గడియారం ప్రకారం నాలుగు నిమిషాలు. చెవులు గుయ్యిమన్నాయి, కళ్ల ముందు చుక్కలు ఎగిరాయి. చూస్తూ ఉండగా ట్యూబులోని తెలుపు పలచబడింది, ఇంకా పలచబడింది, చివరికి మొదట ఎలా ఉందో అలా తేటగా అయిపోయింది.

“చెడగొట్టావు తాతయ్యా” అంది మనవరాలు.

అప్పుడు మా బావమరిది కాగితం మరిచాడు, ఫోను మరిచాడు, ఇస్త్రీ చొక్కా మరిచాడు. “ఆపమంటే ఆపవు కదా? పుట్టినప్పటి నుంచీ ఇంతేనా నువ్వు? చూడు ఏం చేశావో. ముందు నీ ఊపిరి సున్నంతో కలిసి తెల్లటి పొడి అయింది. అది నీళ్లలో కరగదు, అందుకే పాలలా కనబడింది. అక్కడితో ఊరుకుంటే పోయేది. ఇంకా ఊదావు. ఆ ఎక్కువైన వాయువు తెల్లపొడిని పట్టుకుని నీళ్లలో కరిగే ఇంకో పదార్థంగా మార్చేసింది. ఎక్కడికీ పోలేదు, అందులోనే దాక్కుంది. దాక్కున్నదాన్ని బయటికి రప్పించాలంటే ఏం చేయాలో చూడు.”

స్పిరిట్ దీపం వెలిగించి ట్యూబు వేడిచేశాడు. సన్నటి బుడగలు లేచాయి. కాసేపటికి లోపల మళ్లీ తెల్లటి మసక కమ్మింది.

“నువ్వు కష్టపడి ఊదిన గాలి వేడికి వెళ్లిపోయింది. పొడి మిగిలింది. మీ ఇంట్లో నీళ్లు కాచే కెటిల్ అడుగున తెల్లగా గార పట్టదూ? అదే ఇది. మా అక్క వారం వారం గోకేది దీన్నే. ఎప్పుడైనా గోకావా నువ్వు?”

నేను గోకలేదు. ఆ సంగతి వీడియోలో ఉండిపోయింది.

చెమట తుడుచుకుని ఫోను వంక చూశాడు. అది తీస్తూనే ఉందని అప్పుడు తెలిసింది. “రెండోది చెరిపేయండి. పెద్దవాణ్ణి పట్టుకుని తిట్టాను, బాగుండదు. మొదటిదే పెట్టండి” అన్నాడు. పెట్టే పని నేను చేస్తానన్నాను. చేశాను కూడా. రెండోది పెట్టాను. వేలు జారిందని అందరికీ చెప్పాను. నా వేలు ఎప్పుడు జారాలో దానికి బాగా తెలుసు.

సోమవారం అతను మా ఇంటికి వచ్చి టీ కూడా ముట్టుకోలేదు. “ముప్పై ఏళ్లు ఒక్క మాట పడకుండా పనిచేశాను. చివర్లో నన్ను నోరు పారేసుకునేవాడిలా చూపించావు. పెద్దమేడమ్ రమ్మంది. నువ్వూ రా.”

అతని వెంట బడి వరండాలో నడుస్తుంటే, నా అల్లరికి మొదటిసారి నాకే భయం వేసింది. పోయేది నాది కాదు, అతని గది.

పెద్దమేడమ్ ల్యాబ్‌లోనే కూర్చుని ఉంది, చేతిలో కాగితాలు. “నలభై మూడు ప్రశ్నలు” అని చదవడం మొదలుపెట్టింది. “‘సోడా పోస్తే కూడా తెల్లబడుతుందా?’ ‘కెటిల్ గార మీద నిమ్మరసం పోస్తే ఏమవుతుంది?’ ‘వేడిచేశాక మళ్లీ ఊదితే మళ్లీ తేటపడుతుందా?’ ‘ఆ తాత ఎవరి మాటా ఎందుకు వినడు?’ ‘వెనుక నిలబడ్డ అందమైన పెద్దమనిషి ఎవరు?’” ఇక్కడ ఆగి నా వైపు చూసింది. ఊదినవాణ్ణి నేనే, వెనుక ఎవరూ నిలబడలేదు. మనవరాలి ఫోనులోంచి ఆ ప్రశ్న రాసేటప్పుడు ఆ చిన్న సంగతి నాకు తట్టలేదు.

“ఒకటి తీసేస్తే నలభై రెండు” అంది ఆమె. “కానీ నాదొక అనుమానం. మధ్యలో ట్యూబు మార్చలేదు కదా? ఇంటర్నెట్‌లో ఎక్కడా పాలరంగు పోయినట్టు నేను చూడలేదు.”

బావమరిది ముఖం ఎర్రబడింది. ఒక ట్యూబు తీసి మూడుసార్లు కడిగాడు, వెలుగులో ఎత్తి చూశాడు, తేట పోశాడు, కొత్త గొట్టం తీసి ఆమె చేతికిచ్చాడు.

“ఊదాలి మేడమ్, పీల్చకూడదు.”

ఆమె ఊదింది. తెల్లబడింది. ఆమె కళ్లు ట్యూబుకి అతుక్కుపోయాయి. ఊదుతూనే ఉంది. బుగ్గలు పొంగాయి, ముక్కు మీది కళ్లజోడు జారింది, బయట గంట మోగింది, ఎవరో టీచరు తలుపులోంచి తొంగిచూసి వెనక్కి తగ్గింది. ఆరు నిమిషాలు పట్టింది. కాన్వెంట్ ఊపిరికీ మామూలు ఊపిరికీ ఆ మాత్రం తేడా ఉంటుంది. తెలుపు పలచబడి, కరిగి, తేటపడింది.

“చాలు మేడమ్” అన్నాడు మా బావమరిది.

ఆమె వినలేదు. ఇంకా ఊదుతోంది.

నేను నవ్వు ఆపుకోవడానికి కారే కొళాయి బిగించబోయాను. అతను మాత్రం తాళంచెవిని చొక్కా లోపలికి తోసుకుని, దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె వెతుకుతున్నాడు.