చెవి మిషన్ అమ్మాయికి రెండు సీట్లు

దర్జీగారి అమ్మాయికి బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. ఆనాటి నుంచి ఆమెకు కాలు నిలవడం లేదు. చిన్నప్పటి నుంచీ ఆమె చెవికి వినికిడి మిషన్ ఉంది. అలాంటివి తయారుచేయాలన్నదే ఆమె ఆశ.

"పేరున్నదానికే పో తల్లీ," అన్నాడు నాన్న.

చివరికి ఇద్దరూ వెళ్ళి రెండూ చూశారు. పేరున్న పెద్దదాంట్లో అద్దాల వెనక యంత్రాలు తళతళలాడుతున్నాయి. చూపించినాయన గడగడా చెప్పుకుపోయాడు. హాలంతా మారుమోగి ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. చిన్నదాంట్లో ల్యాబు ఇరుకు. అక్కడ మూడో ఏడాది చదివే అమ్మాయి ఆమె చెవి చూసి, చేస్తున్న పని ఆపింది.

"ఇది నిన్ను ఎక్కడెక్కడ ఇబ్బంది పెడుతుంది?"

ఆ మాట ఇంతవరకూ డాక్టర్లు కూడా అడగలేదు. వాన, బస్సు, తరగతి గోల అంటూ ఆమె ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. గుమ్మం దగ్గర నాన్న కాళ్లు పీకేదాకా నిలబడ్డాడు.

"ఇక్కడే చేరతా నాన్నా," అంది బయటికొచ్చి. వెంటనే మొహం మాడ్చుకుంది. "రేపు తప్పు చేశాననిపిస్తే?"

"నన్ను తిట్టుకో. అక్కడ చేరినా తిట్టేదానివేగా!"

ఆమె నవ్వింది, ఆ చిన్నదాంట్లోనే చేరింది. కుదురు మాత్రం రాలేదు. ఇప్పుడు క్లాసులు ఎప్పుడు మొదలవుతాయా అని ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.