నా తరఫున వచ్చిన సాక్షి

కొడుకున్న ఇంట్లో ఇల్లరికం ఏమిటని పులివెందులలో మావాళ్ళు నవ్వినారు. నవ్వినవాళ్ళకు తెలిసింది, నాకు తెలియలేదు. పెద్దముడియం పక్కన ఒక పల్లెలో మా మామకు నల్లరేగడి భూములుండేవి, వాటి గట్ల మీద తగవులుండేవి. ఒక్క కొడుకుతో ఆ తగవులు గట్టెక్కవని కూతురికి నన్ను తెచ్చుకున్నాడు. అవి ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు. కర్నూలులో ప్రభుత్వం గుడారాల కింద నడుస్తోందని బస్సుల్లో చెప్పుకునేవాళ్ళు. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక పూట తిని ఒక పూట పస్తున్న ఇంటినుంచి పోయినవాణ్ణి కాబట్టి, పొద్దున్నే సద్దిలోకి గడ్డపెరుగు వేస్తే నన్ను కొడుకుతో సమానంగా చూస్తున్నారని మురిసిపోయినాను.

పెళ్ళయిన రెండో ఏడు నా భార్య కడుపుతో ఉంది. ఐదో నెలలో రక్తం పోవడం మొదలైంది. బామర్ది చేలో ఉన్నాడు, మామ పంచాయతీకి పోయినాడు. బండి కట్టుకొని నేనే జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోయినాను. ఈమె ఎవరి తాలూకు అని కాంపౌండరు అడిగితే, మామ పేరు చెప్పి ఆయన కూతురని రాయించినాను. మామ పేరుకు ఆ చుట్టుపక్కల విలువుంది, మంచం తొందరగా ఇస్తారనుకున్నాను. ఇచ్చినారు కూడా. చీటీలో నా పేరు యాడా లేదు. ఇల్లరికపు అల్లుడు తప్ప ఇంకెవడూ తన పెళ్ళాన్ని ఇంకొకరి పేరు కింద రాయించడు.

రెండు పగళ్ళు ఆ మంచం పక్కనే నేలమీద కూర్చున్నాను. గుడ్డలు మార్చినాను, ఉతికినాను. రెండోరోజు పొద్దున ఏదో మూట కట్టి నా చేతికిచ్చినారు. పెన్నలో ఇసుక తవ్వి పూడ్చిపెట్టి, చేతులు కడుక్కొని మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఆడపిల్లా మగపిల్లాడా అని ఆమె అడిగింది. నేను మూట విప్పి చూడలేదు. చెప్పలేకపోయినాను.

అదే పొద్దున పల్లెలో మా బామర్ది గట్టు రాయి దగ్గర పక్కచేను ఆయన్ను కొడవలితో నరికినాడు. ఆయన కుడిచేతి వేళ్ళు మూడు తెగి గెనెం గట్టు మీద పడినాయి. ఫిర్యాదులో ఇద్దరి పేర్లు రాయించినారు. నరికింది మా బామర్ది, వెనకనుంచి రెక్కలు పట్టుకున్నది నేను. నేను ఆస్పత్రినుంచి భార్యను బండిలో పడుకోబెట్టుకొని వస్తే వాకిట్లో పోలీసులు నా కోసమే కాచుకొని ఉన్నారు.

జామీను మీద బయటికి వచ్చినాక, ప్రొద్దుటూరు కోర్టులో వాయిదాలు మొదలైనాయి. మామ అక్కడే పేరున్న ప్లీడరును పెట్టినాడు. ఆ ప్లీడరు దగ్గర పని జరిగే తీరు ఒకటే. ఒక ఇంటి ముద్దాయిలందరికీ ఒకే వకాలతు, ఒకే మాట. గుమాస్తా కాగితం ముందు పెట్టినాడు, బామర్ది సంతకం చేసినాడు, కింద నేను చేసినాను. న్యాయమూర్తి అడిగినప్పుడు నేరం చేయలేదని మాత్రం అను, ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడొద్దు, ఆస్పత్రి సంగతి నీ భార్యతో చెప్పిస్తాను అన్నాడు ప్లీడరు. ముద్దాయి చెప్పుకుంటే ఎవరూ నమ్మరట, సాక్షి చెప్తే నమ్ముతారట. సరేనన్నాను.

ఒక వాయిదా నాడు కోర్టు వసారాలో ఆ మూడు వేళ్ళు తెగిన ఆయన నా పక్కనే వచ్చి కూర్చున్నాడు. ఎడమచేత్తో బీడీ ముట్టించుకోవడం ఇంకా అలవాటు కాలేదు, అగ్గిపెట్టె జారిపోతా ఉంది. నేనే పుల్ల గీసి ముట్టించినాను. ఆ రోజు నేను ఊళ్ళోనే లేనని మెల్లగా అన్నాను. ఆయన పొగ వదిలి నాకేసి తిరిగినాడు.

"నువ్వు లేవని నాకు తెల్దా అప్పా. ఒకడే నరికినాడంటే కేసు పలచనయితాదని మా ప్లీడరు నిన్ను గూడా రాయించె. నీ మీద నాకేం పగ లేదు."

అట్లా చెప్పి లేచిపోయి, లోపల బోనెక్కి, నేను తన రెండు రెక్కలూ విరిచి పట్టుకున్నానని దేవుని మీద ప్రమాణం చేసి చెప్పినాడు. ఇన్నేళ్ళయినా ఆయన్ను తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తెగిన వేళ్ళను తలుచుకొని జాలిపడదామని చూస్తాను, జాలి రాదు.

ఆ రోజు నుంచి నాకు గుబులు పట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా జమ్మలమడుగు పోయి ఇంకొక ప్లీడరును కలిసినాను. ముసలాయన, పెద్దగా కేసులు లేనివాడు. అంతా విని ఆస్పత్రి చీటీ నకలు చూసినాడు. చూసి ఒకటే చెప్పినాడు.

"చీటీలో మొగోడి పేరు లేదు నాయనా. ఈ చీటీ మీ ఇద్దర్లో ఎవునికైనా పనికొస్తాది. నువ్వు వేరే వకాలతు ఇయ్యి, నేను నిలబడతా. మీ మామ పెట్టిన ప్లీడరు మీ మామకే ప్లీడరు."

కాగితం తీసి కలం నా చేతికిచ్చినాడు. నేను కలం పట్టుకొని శానాసేపు కూర్చున్నాను. ఒకే ఇంటి ముద్దాయిలు ఇద్దరు ప్లీడర్లను పెట్టుకుంటే ఇల్లు చీలిందని ఊరంతా అంటారు. అన్నం పెట్టిన ఇంటిమీద అపనమ్మకం చూపిస్తే ఆ పూటే మూట సర్దుకోవాలి. పెళ్ళాం నాతో వస్తుందో రాదో తెలియదు. అన్నిటికంటే ముసలాయన మాట నాకు కోపం తెప్పించింది. మా ఇంటివాళ్ళను అంత మాట అంటాడా అనుకున్నాను. మా ఇల్లట! కలం కిందపెట్టి వచ్చేసినాను. నా జన్మలో అంతకంటే తెలివితక్కువ పని చేయలేదు.

నా భార్య సాక్ష్యానికి రెండు రోజుల ముందు ప్లీడరు ఆమెను తన ఇంటి వసారాలో కూర్చోబెట్టి పాఠం చెప్పినాడు. మొగుడి పేరు నోటితో పలకడం మా ఆడవాళ్ళలో లేదు. కోర్టులో పేరు చెప్పమంటే తల దించుకుంటారు, గుమాస్తాలు విసుక్కుంటారు, వినేవాళ్ళు నవ్వుతారు. అందుకని ప్లీడరు, పేరు చెప్పొద్దు, ఆస్పత్రిలో నీ పక్కన ఎవరున్నారని అడిగితే బోనులోకి వేలు చూపించు చాలు అన్నాడు. ఆమె నాకేసి వేలు చూపించింది. అంతే అమ్మా అన్నాడు ప్లీడరు. తర్వాత నన్ను టీ తాగి రమ్మని పంపించి, మామతోనూ ఆమెతోనూ ఇంకాసేపు మాట్లాడినాడు. టీ బాగుందని రెండో గ్లాసు కూడా తాగి వచ్చినాను.

కోర్టులో ఆమె కొత్త చీర కట్టుకొని వచ్చింది. బామర్దీ నేనూ బోనులో పక్కపక్కన నిలబడినాము. బిడ్డ పోయిన సంగతి చెప్పేటప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. న్యాయమూర్తి నీళ్ళిప్పించినాడు. ఆ రెండు రోజులూ నీ పక్కన కూర్చొని చేసినవాళ్ళు ఎవరు, ఇక్కడుంటే చూపించు అన్నాడు ప్లీడరు. నేను కాస్త ముందుకు జరిగినాను, ఆమెకు బాగా కనబడాలని.

ఆమె వేలెత్తి మా బామర్దిని చూపించింది.

"మా తమ్ముడు" అంది.

కంగారులో పొరపాటుపడిందనుకున్నాను. ప్లీడరు దిద్దుతాడని ఆయన ముఖం చూసినాను. ఆయన ఏమాత్రం ఉలిక్కిపడకుండా, చేతిలో రాసిపెట్టుకున్న కాగితం చూసి, తమ్ముడు ఎన్ని గంటలకు మందులు తెచ్చినాడని రెండో ప్రశ్న అడిగినాడు. అప్పుడు అర్థమైంది నాకు. చీటీ ఒకటే ఉంది, దాంతో ఒకడే బయటపడతాడు, ఆ ఒకడు ఎవరో నేను టీ తాగుతుంటే తేల్చుకున్నారు.

అవతలి ప్లీడరు లేచి, మరి నీ మొగుడు ఆ రోజు యాడున్నాడని అడిగినాడు. ఆమె న్యాయమూర్తి వైపు తిరిగి చెప్పింది.

"నేను ఆస్పత్రిలో ఉంటి. ఆయప్ప యాడుండాడో నాకు తెల్దు."

నేను ఏదో అనబోతే డఫేదారు కళ్ళెర్రజేసినాడు. నా వంతు అంతకుముందే అయిపోయింది, నేరం చేయలేదని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. మామ వెనక బెంచీ మీద కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. కొడుకు దక్కినందుకు ఏడుస్తున్నాడు పాపం.

తీర్పులో బామర్దికి సంశయలాభం ఇచ్చి వదిలేసినారు. నాకు ఏడాది కఠినశిక్ష. నరికినవాడు ఆ చోట లేడు, పట్టుకున్నవాడు మాత్రం ఉన్నాడు. నేను ఎవరు నరకడానికి పట్టుకున్నానో ఆ తీర్పులో ఒక్క ముక్క లేదు. జైల్లో తోటి ఖైదీలకు చెప్తే కడుపు పట్టుకొని నవ్వేవాళ్ళు, పండగ పూట నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాళ్ళు.

ఏడాదికి విడుదలై ఎక్కడికి పోవాలో తోచలేదు. పులివెందులలో అమ్మ పోయిందని ఉత్తరం వచ్చింది, అన్నలు రమ్మని రాయలేదు. సిగ్గు విడిచి ఆ పల్లెకే పోయినాను. మామ, బామర్ది చేలో ఉన్నారు. నా భార్య ఏమీ అడగకుండా కాళ్ళకు నీళ్ళిచ్చి, పీట వేసి, కొర్రన్నం పెట్టింది. ముద్ద కలుపుతూ, అట్లా ఎందుకు చెప్పినావని అడిగినాను. గొంతు పెంచలేదు. ఆమె కుండ పక్కన నిలబడి, ఎన్నాళ్ళ నుంచో సిద్ధంగా ఉంచుకున్న మాట మాదిరి చెప్పింది.

"తమ్ముడు పోతే మా నాయన బతకడు. ఆ దుఃఖం ఇంటికంతా. నువ్వు పోతే నాకొక్కదానికే గదా, నేను పడతా అనుకుంటి."

ఆ మాటలో నా మీద ప్రేమ ఉందని ఈ వయసులో నాకు తెలుసు. తన ఏడుపును ఎవరూ లెక్కలోకి తీసుకోని ఇంట్లో తనూ తీసుకోలేదు, నన్ను తనలో కలిపేసుకుంది. ఆ రోజు నాకు అట్లా వినపడలేదు. ఏడాది పాటు లోపల మరిగిందంతా నోటికొచ్చింది. నీ బిడ్డ ఆడపిల్లే, మూట విప్పి చూసినాను, ఇన్నాళ్ళూ దాచినాను అన్నాను. పెన్న ఒడ్డున సరిగ్గా పూడ్చలేదు, నేనింకా గట్టు ఎక్కకముందే కుక్కలు వచ్చినాయి అన్నాను. అందులో ఒక్క మాటా నిజం కాదు. పద్దెనిమిది నెలలుగా నాకు అబద్ధం చెప్పడం ఎట్లాగో అందరూ నేర్పినారు, నేను బాగా నేర్చుకున్నాను.

ఆమె ఏడవలేదు, చెవులు మూసుకోలేదు. అంతా విని, నా కంచంలోకి చూసి, ఇంకింత అన్నం పెట్టేదా అని అడిగింది.

పెట్టమన్నాను. తిన్నాను.