పక్కంగడికీ పంచిన రేటు

పత్తి వ్యాపారంలో ఆపత్తు రావాలంటే గులాబీ పురుగు అక్కర్లేదు, అకాల వాన అక్కర్లేదు. నాలాంటి తెలివైన గుమాస్తా ఒక్కడు చాలు. ఆదోనిలో మా శెట్టిగారి దూది బేళ్ల అంగడిని నేను ఒంటిచేత్తో, కాదు, ఒంటివేలితో ఎలా ముంచానో చెబుతాను. మొహమాటం లేకుండా నవ్వండి.

ఎమ్మిగనూరు నూలు మిల్లుకు సీజనంతా బేళ్లు తోలే ఆర్డరు కోసం మేం కొటేషన్ వెయ్యాలి. అది దక్కితే ఆ ఏడు అంగడి నిలబడుతుంది. శెట్టిగారు ఆదోనిలో, ఆయన తమ్ముడు ఎమ్మిగనూరులో. ఇద్దరూ ఒకే కాగితం చూసుకోవడానికి ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్ పెడదామన్నాను.

రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లు రెడీమేడ్ ప్యాంట్లలాంటివి. నడుము సరిపోతే కాళ్లు నేలనీడుస్తాయి. ఒకదానికి అడుగడుగునా తాళాలు, కానీ నెలనెలా కట్టాలి. రెండోది ఉచితం. ఉచితమన్న మాట కనబడ్డాక ఉచితానుచితాలు కనబడతాయా?

“ఊరికే ఇచ్చేటోనికి ఏమప్పా లాభం?” అన్నారు శెట్టిగారు.

“పోటీ అన్నా! ఒకరి మీద ఒకరు పడి ఇస్తాండారు.”

“పోటీ నాకు తెలీదా? పక్కంగడి ఈరన్న ఎప్పుడన్నా ఊరికే బేలు ఇచ్చినాడా?”

జవాబుగా కంప్యూటర్‌కు బొట్టు పెట్టి టెంకాయ కొట్టించాను. ఉచితానికి జాగా ఇరుకు. నాలుగు ఫైళ్లకే నిండిపోయి, కొత్తవాళ్లను పిలిస్తే జాగా పెంచుతానంది. మా బజారులో ఎంత పోటీ ఉన్నా, కొత్తది మొదలుపెడితే పక్కంగళ్లవాళ్లను పిలవకపోవడం మహా తప్పు. ఆ మర్యాద నా వేలికీ అబ్బింది. ఈరన్నతో మొదలుపెట్టి బజారంతా పిలిచేశాను. ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లు పెట్టుకుంటారనుకున్నాను. వాళ్లు నేరుగా మా ఫోల్డర్లోకే వచ్చి కూర్చున్నారు.

కొటేషన్ మిల్లుకు పోయిన మర్నాడు ఫోల్డరు తెరిచాం.

“ఎవరప్పా ఈ ఫోటోలో పాప?”

“ఈరన్న మనవరాలు, అన్నా.”

“మన కొటేషన్ పక్కన ఎందుకు పండుకోనుండాది?”

పంచుకోబోయి పంచె పోగొట్టుకోవడమంటే ఇదే.

అంతలో మిల్లు మేనేజరు ఫోను. “ఏమి శెట్టీ, మీ అంగడి పేరుతో మూడు కొటేషన్లు వచ్చినాయి, ఒకదానికంటే ఒకటి తక్కువ. మీతో మీకే పోటీనా?”

పక్కంగళ్ల గుమాస్తాలు మా కాగితాన్నే దించుకుని, రేటు తగ్గించి, కింద మా అంగడి పేరు మార్చడం మరిచారు! బజారులో తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే కాదని కాస్త ఊరట కలిగింది. శెట్టిగారి ముఖం పత్తికాయలా విచ్చుకుంది.

“అయితే ఆర్డరు మాకేనా?”

“మీకే. మూడింట్లో తక్కువ రేటుదాన్ని ఖాయం చేసినాము.”

అది మా రేటు కాదందామంటే, మా రేట్లు బజారున పడ్డాయని మిల్లుకు చెప్పుకోవాలి. శెట్టిగారు ఆ నష్టపు రేటుకే సరేనన్నారు. సాయంత్రం ఈరన్నే వచ్చి భుజం తట్టాడు: “గట్టోనివి శెట్టీ! ఆ రేటుకు నేనైతే సచ్చినా ఇయ్యలేను.”

ఆ క్షణమే కుడిచేతి చూపుడువేలును ఎడమచేత్తో బిగించి పట్టుకుని ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తామన్నా, ముందు ఈరన్న అంగడిలో పెట్టిస్తాను.