మునస్వామికి వేసిన విస్తరి

నేను తాగేవాణ్ణి కాదు, దయ్యాల కథలు చెప్పేవాణ్ణి అంతకన్నా కాదు. ఇది నా చెవులతో విన్నది, నా కళ్ళతో చూసింది. నమ్మకపోతే మీ ఇష్టం... నాకే ఇంకా సగం నమ్మకం కుదరలేదు.

ఎనభైల మొదట్లో పూండి దగ్గర బడిలో అయ్యవారిగా ఉన్నాను. బంగ్లాదేశ్ యుద్ధంలో చనిపోయిన సిపాయి మునస్వామి మా ఊరివాడే. అతని పేరు రాతిపలక మీద చెక్కించి బడి ముందు పెట్టాలనుకున్నాం. వివరాలు కనుక్కునే పని నా మెడకు చుట్టుకుంది. శవం రాలేదు, తంతి మాత్రమే వచ్చిందట. ఊళ్ళో గుసగుసలు... చావలేదు, పారిపోయాడు, కవరైపేట్టై స్టేషన్లో కనబడ్డాడని. నాకు అనుమానం పట్టుకుంది. పారిపోయినవాడి పేరు చెక్కిస్తే బడి పరువేం కావాలి?

మహాలయ అమావాస్య నాడు, దీపాలు పెట్టే వేళ, అతని తల్లి మంగమ్మ ఇంటికి వెళ్ళాను. ఒంటరి ముసలామె. లోపలి గదిలో పీట వేసి, కొడుకు పేరున విస్తట్లో అన్నం, ఎండుచేపల పులుసు, అప్పళం పెట్టి తలుపు మూసింది. పెద్దలకు పెట్టినప్పుడు అంతే కదా, వాళ్ళు తినేదాకా మనం బయటే ఉండాలి.

"మాట్లాడబాక అయ్యోరా. బిడ్డ తినేసి పోనీ."

ఇద్దరం వీధి తిన్నె మీద కూర్చున్నాం. కరెంటు పోయింది.

అప్పుడు... లోపల... ఫట్‌మని అప్పళం విరిగింది.

పిల్లి అనుకున్నాను. తర్వాత నమిలే చప్పుడు. నింపాదిగా... చెంబు నేల మీద పెట్టిన చప్పుడు. చిన్న దగ్గు. మనిషి దగ్గే! ఒళ్ళు జల్లుమంది. వెంటనే కోపమూ వచ్చింది. ఓహో, కొడుకుని లోపల దాచి నా ముందు నాటకమాడుతోందా ఈ ముసల్ది?

"ఎవరమ్మా లోపల?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నాకేం తెలుసు అయ్యోరా? ఇన్నేండ్లుగా పెడతా ఉండా... మెతుకు గూడా కదల్లేదు."

తలుపు తోసి టార్చి వేశాను. కిటికీ లేని గది. ఎవరూ లేరు. పైన ఒక పెంకు కాస్త పక్కకు జరిగి ఉంది... మనిషి దూరేంత సందు లేదు. ఉందేమో... ఆ చీకట్లో ఎట్లా చెప్పను?

విస్తరి ఖాళీ. మడిచి ఉంది. చావు భోజనంలో ఆకును అవతలికి మడుస్తాం, అలాంటి భోజనం మళ్ళీ రాకూడదని. ఇది పీట వైపుకు, తిన్నవాడి వైపుకు మడిచి ఉంది. పెళ్ళి భోజనం చేసి, మళ్ళీ రావాలని కోరుకుని లేచినట్టు.

మంగమ్మ దాన్ని చూసి నేల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"తన పక్కకే మడిచినాడు... మళ్ళా వస్తాడు. రాతి మీద పేరు ఎక్కించబాక అయ్యోరా. ఎక్కిస్తే నా బిడ్డ చచ్చినట్టే గదా?"

నేను ఎక్కించలేదు. లోపల తిన్నది దొంగో, పారిపోయినవాడో, చచ్చినవాడో... ఈ రోజుకీ చెప్పలేను. ఆమె మాత్రం ఆ రాత్రి నుంచి పోయేదాకా, వీధి తలుపుకు గొళ్ళెం పెట్టలేదు.