బర్రెల కాడికి దారి

బహ్రెయిన్‌లోని జింజ్‌లో మేం అద్దెకున్న ఫ్లాటులో భోజనాల బల్ల ఒకటుండేది. ఆ చలికాలమంతా దాని మీద మేం అన్నం తిన్నది తక్కువ, మావారు మ్యాపు పరిచింది ఎక్కువ. గురువారం సాయంత్రం క్లినిక్‌లో డ్యూటీ దిగి నేను ఇంటికొచ్చేసరికి ముగ్గురు మగవాళ్లు ఆ మ్యాపు మీదికి వంగి కనిపించేవాళ్లు. కూరగిన్నె పెట్టాలంటే సౌదీ అరేబియా మీదే పెట్టాలి. పెట్టనిచ్చేవారు కాదు. కింద చాప పరిచి వడ్డించేదాన్ని, విసుక్కుంటూ.

ముగ్గురిలో ఒకరు మావారు. బిల్డింగులు కట్టే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. పెన్సిలు చేతిలో లేకపోతే ఆయనకు మాట తోచదు. రెండో అతను మా భీమవరం వైపు ఎలక్ట్రీషియన్, తెలుగు చర్చి ఫెలోషిప్‌లో కీబోర్డు వాయించేవాడు. నన్ను అక్కా అనేవాడు. టీ తాగే ముందు కూడా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు, ఆ లోపల టీ చల్లారిపోయేది. మూడో ఆయన కరీంనగర్ వైపు డ్రైవరు. మా అందరికంటే పెద్దవాడు కనుక అందరికీ అన్న. ఆయన లెక్కలో బహ్రెయిన్ కూడా దుబాయే. "నేను దుబాయికొచ్చి మస్తు ఏండ్లాయె చెల్లే" అనేవాడు. ఇది దుబాయి కాదన్నా అని నేను దిద్దబోతే, "ఏదైతేంది, ఎండ ఒక్కటే గద" అని నవ్వేసేవాడు.

అప్పటికి సౌదీకి సముద్రం మీద వంతెన కొత్తగా తెరిచారు. మాకు తెలిసినవాళ్లంతా అవతల బట్టలు చవకట, బంగారం చవకట అని చెప్పుకుంటుంటే, మా ఇంట్లో మాత్రం అవతల ఇసక ఎలా ఉంటుంది, టైర్లలో గాలి ఎంత తీయాలి అని చర్చ. ఎందుకంటే అన్న తమ్ముడు ఆ ఇసకలో ఎక్కడో ఉన్నాడు.

తోటపని అని చెప్పి ఏజెంటు ఆ తమ్ముణ్ని సౌదీకి పంపించాడట. వెళ్లి ఏడేళ్లు. ఒక్కసారి కూడా సెలవు మీద ఇంటికి రాలేదు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఊళ్లో ఎదురుచూస్తున్నారు. అన్న రెండుసార్లు సెలవు మీద వెళ్లినప్పుడూ మరదలు వాకిట్లోనే నిలబెట్టి, "బావా, మీరు మీరు ఒక్క దేశంలనే ఉంటరు గద, ఒక్కపారి చూసి రారాదు?" అని అడిగిందట. ఆమెకు మటుకు అన్నీ దుబాయి కాదూ! ఆ మాట చెప్పినప్పుడు అన్న నవ్వలేదు.

ఆ ఏడాది అక్టోబరులో తమ్ముడి దగ్గర్నుంచి ఒక క్యాసెట్ వచ్చింది. అప్పట్లో రాయడం రాని వాళ్లు, రాసే ఓపిక లేనివాళ్లు క్యాసెట్లలో మాట్లాడి పంపేవాళ్లు. ఎవరో ఊరికి పోతూ బొంబాయిలో పోస్టులో వేశారు, పంపినవాడి చిరునామా లేదు. అన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు, ఒక్కడే వినడానికి భయమేసిందన్నాడు. మా టేపురికార్డరులో పెట్టాం. చాలాసేపు గరగరమనే చప్పుడు. తర్వాత ఒక గొంతు, మనిషి ఎక్కడో దూరంగా నిలబడి మాట్లాడినట్టు.

"అన్నా, నేను మంచిగనే ఉన్న. బర్ర్‌ల ఉంటున్న. ఫికర్ చెయ్యకు. వానలు పడ్డంక జాగ మారుస్తం."

అంతే. మిగతా టేపంతా గరగర.

"బర్రెల ఉంటున్నడట!" అని అన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. నాకు అర్థం కాలేదు. "మీ దిక్కు గేదెలంటరు చెల్లే, మా దిక్కు బర్రెలు. వాడు చిన్నప్పటి సంది బర్రెల నడుమనే పెరిగిండు. వానికి ఇగ పాలకు, పెరుగుకు తక్కువుండది." ఆ రాత్రి ఆయన మా ఇంట్లో రెండోసారి అన్నం అడిగి తిన్నాడు. జాగ మారుస్తామంటే కొత్త షెడ్డు కడుతున్నారని మావారు తేల్చారు. ఆయనకు షెడ్డంటే ప్రాణం.

అలా మొదలైంది ప్రయాణం సన్నాహం. వంతెన దాటి, అల్ హసా మీదుగా ఎడారి అంచున ఉన్న పాలఫారాలు వెతకడం. మావారు ఆఫీసు నుంచి ట్రేసింగ్ కాగితం తెచ్చి, ఫారాలున్నాయని విన్న చోటల్లా ఆకుపచ్చ చుక్క పెట్టారు. అన్న కంపెనీ తీసిపారేసిన ఫోర్‌వీల్ జీపు ఒకటి కొన్నాడు. దాని ఎర్ర రంగు ఎండకు వెలిసి గులాబీ అయింది. ఎలక్ట్రీషియన్ దానికి ముందు రెండు, పైన రెండు లైట్లు బిగించాడు. అవన్నీ ఒకేసారి వేస్తే ఇంజను ఆగిపోయేది. "ప్రభువు చూసుకుంటాడక్కా" అన్నాడు. ముందు బ్యాటరీ సంగతి నువ్వు చూడు నాయనా అన్నాను నేను.

నా వంతు తిండి. పులిహోర రెండు రోజులుంటుంది, గోంగూర పచ్చడి ఎన్నాళ్లయినా ఉంటుంది, పెరుగు సంగతే తేలలేదు. బర్రెల కాడికి పోతూ పెరుగు మోసుకుపోవుడు ఏంది అని అన్న వాదన. మావారు మాత్రం దిక్సూచి చూసుకుంటూ, ఇసకలో బండి దిగబడితే చక్రాల కింద వేసే చెక్కపలకల బొమ్మలు గీసుకుంటూ ఉండేవారు. ఆ గురువారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు ఎటో పోతుంది. అన్న తప్ప ముప్పై ఏళ్లు నిండని వాళ్లం, రేపే బయల్దేరుతున్నట్టు అరుచుకునేవాళ్లం. కింది ఫ్లాటు మలయాళీ ఆవిడ చీపురు కర్రతో సీలింగు తట్టేది.

వీసా కాగితానికి వెళ్లే చోటు పేరు కావాలి. అది తెలిసే లోపల జీపు క్లచ్చి సరిచేయించాలని ఒక శుక్రవారం నువైద్రాత్ దగ్గర గ్యారేజికి వెళ్లాం. గ్యారేజీ యజమాని పెద్దాయన, బహ్రెయినీ. ఆయన తండ్రి ఒకప్పుడు ముత్యాల వ్యాపారం మీద బొంబాయి తిరిగినవాడట, అందుకని మాకంటే మంచి హిందీ మాట్లాడేవాడు. ఎక్కడికి ఈ హడావిడి అని అడిగాడు. మావారు ఉత్సాహంగా మ్యాపు విప్పి, ఇతని తమ్ముడు గేదెల ఫారంలో ఉన్నాడు, చూడ్డానికి పోతున్నాం అని చెప్పారు.

"భైంస్? గేదెలా? అక్కడా?" అని పెద్దాయన నవ్వాడు. "ఆవులున్నాయి. గేదెని నేను బొంబాయిలో తప్ప చూడలేదు."

అన్నకు రోషం వచ్చింది. క్యాసెట్ ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండేది. జీపులోని టేపులో పెట్టి, వినుండ్రి అన్నాడు. నేను వెనక సీట్లో టిఫిన్ డబ్బాలు పట్టుకుని కూర్చున్నాను. ఆ గొంతు మళ్లీ వచ్చింది. తెలుగు ముక్క రాని పెద్దాయన తల వంచి విని, చెయ్యెత్తి ఆపమన్నాడు. వెనక్కి తిప్పమన్నాడు. మళ్లీ విన్నాడు.

"బర్ర్," అన్నాడు. "బర్ర్ అంటున్నాడు."

"అవ్, బర్రెలు," అన్నాడు అన్న.

పెద్దాయన మావారి మ్యాపు దగ్గరికొచ్చి, ఊళ్లూ రోడ్లూ లేని చోట అరచెయ్యి ఆనించి, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా లాగాడు. "కుల్లు బర్ర్. ఇదంతా బర్రే. ఊరు బయట, ఎవరూ లేని చోటు. గొర్రెలో ఒంటెలో కాస్తూ ఉంటాడు మీవాడు. వానలు పడితే గడ్డి ఎక్కడ మొలిస్తే అక్కడికి పోతారు."

అదే మా గోదావరి మనిషైతే "బర్ర్‌లో ఉంటున్నాను" అనేవాడు, ఈ గేదెలూ ఉండేవి కావు, ఇన్ని ఆకుపచ్చ చుక్కలూ ఉండేవి కావు. వాళ్ల దిక్కు 'లో' లేదు, 'ల' ఉంది. ఆ ఒక్క అక్షరం మీద మేం మూడు నెలలు బతికాం. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీదు. మావారు మ్యాపు మడతపెట్టబోతే మడత కుదరలేదు. అన్న మాత్రం, "మరి షెడ్డు లేదా?" అని అడిగాడు. పెద్దాయన లేదన్నట్టు తలూపి, క్లచ్చి పనికి కూలి తీసుకోనన్నాడు.

ఊరు పేరు లేకుండా వీసా కాగితం కదలదు. తమ్ముడి కఫీల్ పేరు, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని పేరు కూడా అన్నకు తెలీదు. ప్రయాణం ఖలాస్. రెండు వారాలు అన్న మా ఇంటి ఛాయలకు రాలేదు. మూడో గురువారం వచ్చి, బల్ల ఖాళీగా ఉండడం చూసి, "సామాన్ అంత జీపుల్నే ఉంది గద చెల్లే. రేపు ఈడ్నే పోదాం. ఈడ గూడ ఇసక ఉంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నలుగురం దక్షిణం వైపు వెళ్లాం. ఆయిలు పైపులు దాటాక రోడ్డు వదిలి, టైర్లలో గాలి తీసి, ఇసకలోకి దిగాం. అన్నీ మేం అనుకున్నట్టే జరిగాయి. జీపు దిగబడింది, చెక్కపలకలు పనిచేశాయి, మావారి ముఖం వెలిగిపోయింది. పులిహోర తిన్నాం. పెరుగు కూడా తెచ్చాను, చెప్పకుండా. అన్న ఒక ముద్ద తిని చెయ్యి కడుక్కున్నాడు.

"ఒక గంట నన్ను ఈడ ఇడిసిపెట్టి పోండ్రి," అన్నాడు.

ఎందుకన్నా అన్నాం. "ఊకెనే. బండి చప్పుడు గూడ వినవడొద్దు. యల్లా, పోండ్రి." నీళ్లసీసా ఆయన పక్కన పెట్టి, దిబ్బలవతలికి చాలా దూరం వెళ్లి ఆగాం. ఎలక్ట్రీషియన్ ప్రార్థన చేసుకున్నాడు. ఈసారి నేను కూడా కళ్లు మూసుకున్నాను, నాకు తెలిసిన దేవుణ్ని నేనూ తలుచుకున్నాను.

తిరిగి వెళ్లేసరికి అన్న మేం దింపిన చోటే ఉన్నాడు. మమ్మల్ని చూసి పరుగులాంటి నడకతో ఎదురొచ్చాడు. బండి రోడ్డెక్కాక చెప్పాడు.

"మీరు పోంగనే మంచిగనే అనిపించింది. జరసేపు పాట పాడిన. అటెనుక నా గొంతు నాకే కొత్తగ వినవడ్డది, భయమై బంద్ చేసిన. వాడు ఏడేండ్ల సంది ఎవలతోని మాట్లాడుతున్నడు చెల్లే?"

ఇంటికొచ్చేదాకా నోటికొచ్చిన కబుర్లన్నీ చెప్పాను. క్లినిక్ సంగతులు, కింది ఫ్లాటు ఆవిడ సంగతులు, వంకాయల ధర. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు.

మేమెవరమూ వంతెన దాటలేదు. రెండేళ్లకు ఆ తమ్ముణ్ని కఫీలే ఇంటికి పంపించేశాడు. కబురు తెలిసి అన్న సెలవు పెట్టి వెళ్లాడు. తిరిగొచ్చిన వారమే మా ఇంటికి భోజనానికి పిలిచాం. మావారు పళ్లెం ముందే ప్రశ్నలు మొదలుపెట్టారు. ఏ ఎడారి, ఎన్ని గొర్రెలు, నీళ్లెలా వచ్చేవి?

"నేను ఏం అడగలె," అన్నాడు అన్న.

ఏమీ అడక్కుండా ఎలా ఉన్నావన్నాను నేను.

"అందరు అడుగుడే చెల్లే. పెండ్లాం, పోరగాండ్లు, చుట్టాలు. గట్ల ఎట్లుంటివి, గిన్నేండ్లు ఏం జేస్తివి అని. వాడు లేచి దొడ్లెకు పోయేటోడు. నేను పోయి పక్కపొంటి కూసున్న. మాట్లాడలె. వాండ్ల కంటె నాకు ఒక గంట ఎక్కువ ఎరుక గద. మూడో దినం మాపటికి వాడే నా దిక్కు తిరిగి 'అన్నా' అన్నడు."

"తర్వాత?" అన్నారు మావారు.

"తర్వాత ఏడ్చిండు. నేను గూడ ఏడ్చిన. ఇగ అటెనుక మొదలువెట్టిండు చూడు ముచ్చట్లు, నేను బస్సెక్కేదాక ఆపలె."