ఆల్విన్ చొక్కా అంచు

ఇప్పటి వేట పేరెత్తితే ఆల్విన్ ప్రూయిట్‌కి ఒళ్లు మండుతుంది. చెట్టు మీద రేకు గది కట్టుకుని, అందులో కుర్చీ వేసుకుని, దుప్పి వస్తోందని ఫోను చెబితే అప్పుడు తలెత్తి చూడటం. అదీ ఒక వేటేనా! టర్కీ కోడిని పిలవడానికి కూడా మీట నొక్కితే కూసే డబ్బా. ఆల్విన్ అయితే టర్కీ రెక్క ఎముకనే గొట్టంగా చేసి, పెదాల మధ్య పెట్టుకుని అచ్చం పెట్టలా పిలిచేవాడు. పుంజు నమ్మితే వచ్చేది, లేదంటే పొద్దెక్కాక ఉత్త చేతులతో ఇంటికి.

దుప్పుల వేటకైతే అలబామా పైన్ అడవిలో ఊరు ఊరంతా ఉండేది. కుక్కలు తరుముతుంటే వీళ్లు వరసగా కాపు కాసేవాళ్లు. ఎవరు కొట్టినా మాంసం అందరికీ వాటాలు. గురి తప్పినవాడికి మాత్రం శాస్తి తప్పదు. అందరూ నవ్వుతూ మీదపడి వాడి చొక్కా వెనక అంచు కత్తితో కోసి, పేరు రాసి, వేట గుడిసె గోడకి మేకు కొట్టేవాళ్లు. ఆల్విన్ అంచులు ఆ గోడ మీద బోలెడు. "నీకు చొక్కాలు కుట్టలేక చస్తున్నానయ్యా!" అని భార్య లూడీ నెత్తి కొట్టుకునేది. ఇప్పుడా గుడిసె లేదు, కోసినవాళ్లూ లేరు. ఆ నవ్వుల కోసం ఆల్విన్ ప్రాణం కొట్టుకుపోతుంటుంది.

అందుకే తమ్ముడి కొడుకు డెరిక్ వేటకి రమ్మంటే ఎగిరి గంతేశాడు. రేకు గదైతే ఏం, పక్కన మనిషంటూ ఉంటాడు కదా.

దుప్పి బాగా దగ్గరికే వచ్చింది. ఆల్విన్ కాల్చాడు. తప్పింది.

కిందికి దిగి, వెనక్కి తిరిగి, చొక్కా అంచు బయటికి లాగి నిలబడ్డాడు.

"ఏంటి పెదనాన్నా, నడుం పట్టేసిందా?" అన్నాడు డెరిక్.

"గురి తప్పాను కదరా. కొయ్యి."

"భలేవాడివే! మంచి చొక్కా పాడుచేసుకుంటావా? వయసు మీద పడిందిగా, ఎవరికీ చెప్పన్లే."

ఆ జాలికి ఆల్విన్ మనసు చివుక్కుమంది. అంచు అలాగే వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

ఇంటి దగ్గర లూడీ పెకాన్ కాయలు పగలగొట్టి పప్పు తీస్తోంది. వేలాడుతున్న అంచు చూసింది.

"ఎంత దూరంలో ఉంది?"

"మన కోళ్లగూడున్నంత దూరంలో."

"సిగ్గులేదూ! అంత దగ్గరుంటే నేను చీపురు విసిరి కొట్టేదాన్ని. తిరుగు అటు!"

కుట్టు కత్తెర తెచ్చి కరకరా కోసేసింది. ఆల్విన్ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు.

"ఒక్కడూ మిగల్లేదే, లూడీ."

"నేను లేనూ?" అంటూ ఆమె ఆ గుడ్డముక్కని వంటింటి గోడకి ఆనించి పట్టుకుంది. "అలా చూస్తావేం, సుత్తి తే."