తలకిందులుగా కట్టిన గుడ్డ

కార్తీక మాసం రెండవ ఆదివారం, సాయంత్రం నాలుగున్నర గంటలకు నా పగ మొదలైంది. నాకప్పుడు పదకొండేళ్లు. ఇప్పటికీ దుకాణంలో కొత్త నేతగుడ్డ మడత విప్పినప్పుడు అందులోని గంజి వాసన తగిలితే చాలు, ఎమ్మిగనూరు మైదానంలోని ఆ సాయంత్రపు ఎండా, దుమ్మూ, ఖాళీ అయిన నా రెండు చేతులూ గుర్తుకు వస్తాయి.

మా వీధిలో తెల్లవారకముందే పడుగులు సాచి గంజి పట్టించేవారు. వానలు వెనుకబట్టి శనగకాయలు పీకే రోజుల్లో ఆ గంజి వాసనలో ఉడికిన కాయల వాసన కలిసి, బడికి వెళ్లేదాకా మమ్మల్ని వదిలేది కాదు. ఆ వీధి పిల్లలే మా ఉన్నత పాఠశాల హాకీ జట్టు. మామూలు రోజుల్లో వంపు తిరిగిన వేపకొమ్మలతో సాధన చేసి, పోటీనాడు మాత్రమే బడివారి కర్రలు పట్టుకునేవారు. పోటీ ఉన్న ఆదివారం మధ్యాహ్నానికే మగ్గాల చప్పుడు ఆగిపోయేది. ఆట నియమాలు ఒక్కటీ తెలియని మా అవ్వ కూడా గట్టు మీద కూర్చుని, బొరుగులు నములుతూ, అవతలి జట్టు గోల్‌కీపరును వంశంతో సహా శపించేది.

ఆ జట్టు కోసం నాన్న, పడుగు చివర మిగిలిన నూలుతో మూడు మూరల గుడ్డ నేశాడు. దాని పైఅంచున మాస్టారు సుద్దతో ఊరి పేరు గీసి ఇస్తే, చదువురాని నాన్న ఒక పూటంతా కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ గీతల మీద ఎర్రరంగు దిద్దాడు. నాన్న తన జీవితంలో రాసిన అక్షరాలు అవే. దానిని పట్టుకునే బాధ్యత నాకు అప్పగించాడు.

ఆ ఆదివారం మేము గెలిచాం. ఓడిన కోపంతో ఆదోని అభిమానులు మా మీదికి వచ్చారు. వారి నాయకుడు వీరేశ్, కళాశాలలో చదివే పొడగరి, గుడ్డను నా చేతుల్లోంచి లాగి, అందరి ముందూ దానితో తన సైకిలు గొలుసు తుడిచాడు.

“బాగుండాది పాపా, మీ నాయన నేత. సైకిలు తుడుసుకోనీకి ఇంగోటి నేయమను” అన్నాడు.

వారంతా నవ్వారు. గుడ్డను తీసుకుపోయారు. ఇంటికి వచ్చి నాన్నకు జరిగినదంతా చెప్పి, గుడ్డను తిరిగి తెస్తానని మాట ఇచ్చాను.

నెల తరువాత పోటీ ఆదోనిలో జరిగింది. మైదానానికి ఒకవైపు మెట్ల మీద వారు, ఎదురుగా మేము. వారి వెనుక ఇనుప కమ్మీకి మా గుడ్డను, మేము చూసి ఏడవాలని, తలకిందులుగా వేలాడదీశారు. ఉగ్గాని, బజ్జీల బండ్ల మధ్య నుంచి చుట్టూ తిరిగి నేను దాని వెనుకకు చేరాను. కట్లు విప్పుదామంటే ఇనుప తీగతో మెలిపెట్టి ఉన్నాయి. పేరు ఉన్న అంచు మాత్రం, వారి ఎగతాళి పుణ్యమా అని, నా చేతికి అందేంత కిందికి వేలాడుతోంది.

నేతలో తప్పు పడితే అడ్డంగా సాగే పేకనూలును వెనక్కి తీయడం అవ్వ దగ్గర నేర్చుకున్న పని. అంచున ఒక పోగు పట్టి లాగాను. వచ్చింది. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు లాగుతూ, వేళ్లకు చుట్టుకుంటూ పోయాను. వారు కేకలు వేస్తున్నంతసేపూ ఒక్కరూ వెనుదిరగలేదు. అక్షరాలు మొదలైన చోట నా చేయి ఆగింది. అవి నాన్నవని నాకు తెలుసు. కానీ ఆ గొలుసు నూనె మరక వాటి మీదే ఉంది. మళ్లీ లాగాను. పోగు పోగుకూ ఎర్ర చుక్కలు బయటికి వచ్చాయి.

ఒక్క గోలు తేడాతో మేము ఓడిపోయాం. గుడ్డను ఊరేగిద్దామని వీరేశ్ లేచి వెనుదిరిగేసరికి, కమ్మీకి సగం గుడ్డ, దాని కింద గాలికి ఊగే నిలువు పడుగు పోగులు మిగిలాయి. ఎదుటి గట్టు మీద మా ఊరివారి నవ్వు మైదానం దాటి వచ్చింది. పోగులు పట్టుకుని నిలబడిన అతని ముఖాన్ని నేను బజ్జీల బండి చాటు నుంచి తనివితీరా చూశాను. ఆ తృప్తికి ఈనాటికీ నేను సిగ్గుపడను.

ఇంట్లో నాన్న మగ్గం గుంతలోంచి తల ఎత్తి చేయి చాచాడు. ఆ చేతిలో నూలుండ పెట్టాను. ఎర్ర చుక్కలున్న పోగును వేలితో కాసేపు తడిమాడు.

“గుడ్డ తెస్తానంటివి గదమ్మా” అన్నాడు.

“ఆళ్ల దగ్గర మన పేరు లేకుండా సేసినా నాయనా” అన్నాను.

“మన దగ్గర గూడా లేదు గదా” అని మళ్లీ నేతలో పడ్డాడు.

మా వంశంలో మొదటి డిగ్రీ పట్టా నాదే. నా పేరు పక్కన అక్షరాలు చేరాయి. ఇప్పుడు నాన్న లేడు. మా వీధిలో పడుగులు సాచేవారు లేరు, ఆ మైదానంలో హాకీ ఆడేవారూ లేరు. ఆ పోటీ తరువాత ఆదోనివారు మా ఊరి పేరును ఎన్నడూ తలకిందులుగా కట్టలేదు. నాన్న మళ్లీ అక్షరం రాయలేదు.